ఆపరేషన్ తర్వాత అమ్మ నాలుక ఎడమకి వంగిపోతోంది, ఇది ఏ నరం పని? వైజాగ్‌లో ఎవరికి చూపించాలి?

సింహాచలం_మెట్లు
అందరికీ నమస్తే. అమ్మకి 54 ఏళ్లు. పోయిన వారం కుడి భుజానికి ఆపరేషన్ అయింది, పూర్తి మత్తు ఇచ్చి చేశారు, భుజం బాగానే ఉంది. మర్నాడు ఇడ్లీ తింటుంటే ముద్ద ఎడమ బుగ్గలోనే ఉండిపోతోంది, నాలుక బరువుగా ఉంది అంది. మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాం. ఇప్పుడు నాలుక బయటపెట్టమంటే తిన్నగా రావట్లేదు, ఎడమకి వంగిపోతోంది. మాట ముద్దగా వస్తోంది, ఫోన్లో పిన్నికి సగం అర్థం కావట్లేదు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే "గొంతులో ట్యూబ్ వేశాం కదా, తగ్గిపోతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాలుకని కదిపే నరం ఒకటి ఉంటుందంటారు కదా, దానికేమైనా అయిందా? పళ్ల డాక్టరుకి చూపించాలా, ఈఎన్‌టీకా, న్యూరోకా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మేం గోపాలపట్నంలో ఉంటాం.

గాజువాక_గురూ
గురూ, మాట ముద్దగా వస్తోందంటే ముందు పక్షవాతమేనేమో అని చూడాలి, మిగతావన్నీ తర్వాత. మూతి వంకర పోయిందా? రెండు చేతులూ ముందుకి చాపమంటే ఒకటి కిందకి జారుతోందా? మా నాన్నగారికి అలాగే మొదలైంది, మేం నిమ్మరసం తాగించి కూర్చున్నాం. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలంట, మనం ఆటో మాట్లాడుకునే లోపే సగం అయిపోతుంది. ఎవరికైనా హఠాత్తుగా ఇలా అయితే ఫోరంలో అడగకుండా 108కి కొట్టండి, ఇది చదివే అందరికీ చెప్తున్నా.

డిసెక్షన్_హాల్
గాజువాక గారు చెప్పినది ముందు తేల్చుకోవాల్సిందే. అది పక్కన పెడితే, మీరు అడిగిన నరం పేరు హైపోగ్లాసల్, పన్నెండో కపాల నాడి. కపాల నాడులంటే మెదడు నుంచి నేరుగా బయటికి వచ్చే నరాలు, వాటిలో చివరిది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో తొమ్మిదోది అని కనిపిస్తే కంగారుపడకండి, పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్ లెక్క అది. ఇప్పటి పన్నెండు జతల లెక్క 1778లో జోమరింగ్ అనే జర్మన్ వైద్యుడు కుదిర్చింది.

నేను చాలా ఏళ్లు మెడికల్ స్టూడెంట్లకి అనాటమీ చెప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

ఈ నరం పని పూర్తిగా కదలికే. రుచి, స్పర్శ దీనికి సంబంధం లేదు. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి ఏడో నరం శాఖది, అదే భాగంలో వేడి, నొప్పి, స్పర్శ ఐదో నరానివి, వెనక మూడో వంతు రెండూ తొమ్మిదో నరం చూసుకుంటుంది. అందుకే మీ అమ్మగారికి ఉప్పూ కారం మామూలుగానే తెలుస్తుంటాయి, అడిగి చూడండి. నాలుకలో ఎనిమిది జతల కండరాలున్నాయి, వాటిలో ఏడు జతలు ఈ నరం కిందే. ఒక్క పలాటోగ్లాసస్ మాత్రం పదో నరం, అంటే వేగస్ పరిధిలోకి పోయింది, దానికి పని కూడా అంగిలితోనే ఎక్కువ.

మెదడు అడుగున మెడుల్లాలో పుడుతుంది. పుర్రె వెనక ఎముకలో దీనికంటూ ఒక సొంత రంధ్రం ఉంది, మెడ మొదటి పూస మీద పుర్రె ఆనే బొడిపెకి కాస్త పైన, అందులోంచి బయటికి వస్తుంది. అక్కణ్ణుంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనికీ, తల నుంచి రక్తం వెనక్కి తెచ్చే జుగులర్ సిరకీ మధ్యగా మెడలోకి దిగి, దవడ కోణం దగ్గర ముందుకి వంపు తిరిగి, గడ్డం కింద గొంతు పైన ఉండే హయాయిడ్ అనే చిన్న ఎముకకి కొంచెం పైనుంచి నాలుకలోకి దూరుతుంది. చూశారా, మెడలో ఇంత దూరం తిరుగుతుంది కాబట్టి దెబ్బ ఎక్కడైనా తగలొచ్చు, పుర్రె అడుగునా, రక్తనాళం పక్కనా, దవడ కిందా.

ఇక ఎడమకి ఎందుకు వంగుతోంది అంటే. నాలుకని బయటికి తోసేది జీనియోగ్లాసస్ అనే కండరం, గడ్డం ఎముక లోపలి వైపు నుంచి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది, ఎడమ ఒకటి, కుడి ఒకటి. రెండూ సమంగా తోస్తే నాలుక తిన్నగా వస్తుంది. తోపుడుబండిని రెండు చేతులతో నెడుతుంటే ఎడమ చెయ్యి జారిందనుకోండి, బండి ఎడమకే తిరుగుతుంది కదా, ఇదీ అంతే. ఎడమ నరం దెబ్బతింటే నాలుక ఎడమకి పోతుంది. మంచి వైపు కండరం లాగేసుకుంటోంది అని చాలామంది రివర్స్‌లో చెప్తారు, పరీక్షల్లో కూడా ఇదే రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఆ కండరం తోస్తుంది, లాగదు.

నాకు కొన్ని చెప్పండి. మూతి సమంగా ఉందా? మూతి వంకర ఉంటే నాలుక తిన్నగా వచ్చినా పక్కకి వెళ్లినట్టు కనిపిస్తుంది, అందుకే పెదాలతో పోల్చకుండా ముక్కు కొనతో పోల్చి చూడాలి. గొంతు బొంగురుపోయిందా? నీళ్లు తాగితే పొలమారుతోందా? మెడనొప్పి, ఒకవైపు తలనొప్పి, ఒక కన్ను రెప్ప వాలడం ఉన్నాయా?

సింహాచలం_మెట్లు
సార్, చాలా థాంక్స్. మూతి సమంగానే ఉంది, ముక్కుతో పోల్చి చూశా, నాలుక ఎడమకే. చేతులు, కాళ్లు బాగున్నాయి, కుడి చెయ్యి స్లింగ్‌లో ఉంది కాబట్టి పూర్తిగా చెప్పలేను గానీ వేళ్లతో గట్టిగానే పట్టుకుంటోంది. మొదటి రెండు రోజులూ గొంతు బొంగురు, ఇప్పుడు లేదు. నీళ్లు గబగబా తాగితే దగ్గు వస్తోంది. మెడనొప్పి కొద్దిగా, పడుకున్న పొజిషన్ వల్ల అంటోంది. కన్ను మామూలే. రుచి బాగా తెలుస్తోంది, పప్పులో ఉప్పు లేదని నిన్న నన్నే తిట్టింది.

భీమిలి_బుల్లోడు
మా నానమ్మ అయితే వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాసేసేది, ఎంత మొద్దు నాలుకైనా తిరిగేసేది. పిల్లలకి మాటలు రాకపోతే అదే కదా పెట్టేవారు. బీ12 కూడా వేయండి, నరాలకి మంచిది.

మత్తు_డ్యూటీ
ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ల పక్కన పని చేస్తాను, డాక్టర్‌ని కాదు. మీ అమ్మగారికి జరిగింది చాలా అరుదు కానీ లేనిది కాదు. భుజం ఆపరేషన్లు చాలావరకు మనిషిని సగం కూర్చోబెట్టి చేస్తారు, తలని ఒక సపోర్ట్‌లో బిగిస్తారు. గొంతులో ట్యూబ్ ఉంటుంది, అది కదలకుండా ఒక మూలకి టేప్ వేస్తారు. డ్రిల్లింగ్, లాగడాలు జరిగేటప్పుడు తల కాస్త పక్కకి తిరిగినా, మెడ మరీ వెనక్కి వంగినా ఈ నరం సాగిపోతుంది, లేదంటే ట్యూబ్‌కీ హయాయిడ్ ఎముకకీ మధ్య నలుగుతుంది. పక్కనే గొంతు తంత్రులకి వెళ్లే నరం కూడా నలిగితే నాలుక వంకర, గొంతు బొంగురు రెండూ కలిసి వస్తాయి, దాన్ని టాపియా సిండ్రోమ్ అంటారు. మొదటి రెండు రోజులు బొంగురు అన్నారు కదా, అది ట్యూబ్ రాపిడి వల్ల కూడా అవుతుంది, కాబట్టి స్వరతంత్రులు ఒకసారి కెమెరా గొట్టం, అదే స్కోప్‌తో చూపిస్తే తేలిపోతుంది.

నరం తెగదు ఇలాంటప్పుడు, పై పొర దెబ్బతింటుంది అంతే. చాలామందికి కొన్ని వారాల నుంచి ఆరు నెలల్లోపు సర్దుకుంటుంది. "తగ్గిపోతుంది" అన్నవాళ్ల మాట తప్పు కాకపోవచ్చు, కానీ పరీక్ష చేసి, కాగితం మీద రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపాలి. అది రాయించుకోండి. తర్వాత ఎప్పుడైనా మత్తు ఇవ్వాల్సి వస్తే ఆ కాగితం చూపించాలి.

పెందుర్తి_స్పీచ్
భీమిలి గారూ, వస కొమ్ము దయచేసి వద్దు. పసిపిల్లలకి అసలే వద్దు, వాంతులు, ఫిట్స్‌తో హాస్పిటల్‌కి తెచ్చిన పిల్లలున్నారు. అది నాలుక పైన చురుక్కుమంటుంది అంతే, మెడ లోపల నలిగిన నరానికి దాంతో ఏమీ కాదు. బీ12 లోపం ఉంటే వాడాలి, లోపం ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, నలిగిన నరానికి అది మందు కాదు. ఇంకో మాట, నత్తికీ ఈ నరానికీ సంబంధం లేదు. నాలుక కింద తీగ దగ్గరగా ఉండటం కూడా వేరే సంగతి, అది పుట్టుకతో వచ్చిన పొర. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ మూడింటినీ ఒకే గాటన కడతారు.

సింహాచలం గారూ, నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. డాక్టరుకి చూపించే లోపు ఇంట్లో చేయాల్సింది రాస్తా. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, పడుకుని వద్దు, టీవీ కట్టేయండి. చిన్న ముద్దలు, మెత్తగా కలిపి, నోట్లో కుడి వైపు పెట్టుకోమనండి. తల కొద్దిగా కుడికి వంచితే ముద్ద మంచి వైపుకి జారుతుంది. పొడిపొడిగా ఉండేవి, మరమరాలు, అటుకుల మిక్స్‌చర్, పొడి బిస్కెట్లు కొన్నాళ్లు ఆపండి, నాలుక సరిగా తిరగనప్పుడు వాటిని పోగుచేయడం కష్టం. పలచటి నీళ్లే అన్నిటికన్నా ఇబ్బంది పెడతాయి ఎందుకంటే అవి నాలుక సర్దుకునే లోపే గొంతులోకి జారిపోతాయి, కాబట్టి గ్లాసెత్తి పోసుకోకుండా చిన్న గుటకలు. మనవాళ్లకి ఎత్తి పోసుకునే అలవాటు ఉంటుంది, తల వెనక్కి వాలిస్తే పొలమారడం ఇంకా ఎక్కువ. తిన్నాక ఎడమ బుగ్గలో వేలు పెట్టి శుభ్రం చేసి పుక్కిలించాలి. తాగాక గొంతు గరగరమంటున్నా, జ్వరం, ఆయాసం వచ్చినా ఆగకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుండొచ్చు.

మాట గురించి. మామ, పాప, బాబు అనమనండి, చక్కగా వస్తాయి, అవి పెదాల పని, ఏడో నరానిది. రైలు, లడ్డు, తాటాకు, నల్లరాయి అనమనండి, అక్కడ తెలిసిపోతుంది. మన భాషలో నాలుక కొనని వెనక్కి మడిచి పలికే ట, డ, ణ, ళ ఎన్ని ఉన్నాయో ఇలాంటి పేషెంట్లని చూసినప్పుడే తెలుస్తుంది. క, గ కూడా తేడాగా ఉండి మాట ముక్కులోంచి వస్తుంటే అంగిలి సంగతి కూడా చూడాలి, అది పదో నరం. ఫోన్లో కాకుండా ఎదురుగా, నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడమనండి. నాలుక వ్యాయామాలు యూట్యూబ్ చూసి రోజంతా చేయించకండి, అవి నరాన్ని మొలిపించవు, ఉన్న కండరాన్ని పనిలో పెడతాయి అంతే, థెరపిస్ట్ ఒకసారి చూసి చెప్పినవి చాలు.

గాజువాక_గురూ
ఒక డౌటు. మా నాన్నగారికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, నాలుక కూడా ఎడమకే వెళ్లేది. డాక్టరేమో దెబ్బ కుడి మెదడులో అన్నారు. మరి మీరేమో నరం దెబ్బతిన్న వైపుకే వెళ్తుంది అంటున్నారు. ఏటిది, ఏది నమ్మాలి?

డిసెక్షన్_హాల్
రెండూ నిజమే గురూ గారూ, ఇది ఈ నరంలో అసలైన ఘట్టం. మీ నాన్నగారి విషయంలో నరం బాగానే ఉంది, నరానికి ఆర్డర్ ఇచ్చే పై ఆఫీసు పోయింది. ఎడమ జీనియోగ్లాసస్‌కి ఆర్డర్లు ఎక్కువగా కుడి మెదడు నుంచి వస్తాయి, ఎడమ చేతికి వచ్చినట్టే. కుడి మెదడులో రక్తం గడ్డ పడితే ఎడమ చెయ్యి, ఎడమ కాలు, నాలుక ఎడమ సగం, మూడూ నీరసపడతాయి, కాబట్టి నాలుక పడిపోయిన చెయ్యి వైపుకే పోతుంది. అలాంటప్పుడు నాలుక చిక్కిపోదు, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

నరమే దెబ్బతింటే కొన్ని వారాలు గడిచాక ఆ సగం పలచబడుతుంది, ముడతలు పడుతుంది, నాలుక నోట్లోనే ఊరికే ఉన్నప్పుడు లోపల పురుగులు కదులుతున్నట్టు సన్నగా అదురుతుంది. ఆ అదురు నాలుక బయటపెట్టి చూడకూడదు, బయటపెడితే ఎవరి నాలుకైనా వణుకుతుంది.

మూడో రకం ఇంకోటి ఉంది, మెడుల్లా మధ్యభాగంలో స్ట్రోక్. అక్కడ నాలుక ఒక వైపుకి, చెయ్యి కాలు ఇంకో వైపు పడిపోతాయి. ఎందుకంటే చెయ్యీ కాలికి వెళ్లే దారులు ఇంకా కిందకి దిగాకే అడ్డం మారతాయి, ఈ నరం మాత్రం అక్కడే అదే వైపుకి బయటపడిపోతుంది. స్కాన్లు లేని రోజుల్లో ఈ ఒక్క తేడాతోనే దెబ్బ ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవారు.

ఇంకోటి, కొండనాలుక దీనికి పూర్తిగా ఎదురు. పదో నరం ఒక వైపు పోతే "ఆ" అన్నప్పుడు కొండనాలుక మంచి వైపుకి పోతుంది, ఎందుకంటే అక్కడి కండరాలు నిజంగానే లాగుతాయి. నాలుక చెడ్డ వైపుకి, కొండనాలుక మంచి వైపుకి.

కొత్తరోడ్డు_కుర్రాడు
సార్ నేను ఫస్ట్ ఇయర్. నాలుకని గొట్టంలా చుట్టడం వంశపారంపర్యం అని బయాలజీలో చెప్పారు, అది కూడా ఈ నరమేనా? నాకు రాదు, మా చెల్లికి వస్తుంది.

డిసెక్షన్_హాల్
కదిపేది ఈ నరమే. ఒక్క జన్యువు కథ మాత్రం నమ్మకు బాబూ. 1940లో స్టర్టివాంట్ అనే అమెరికా జన్యు శాస్త్రవేత్త అలా రాశాడు, 1952లో అచ్చం ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరికి వచ్చి ఒకరికి రావట్లేదని బయటపడింది, ఆయనే తర్వాత వెనక్కి తగ్గాడు. డెబ్బై ఏళ్లు దాటినా క్లాసుల్లో ఇంకా నడుస్తోంది.

అడవివరం_నాని
మాది వేరే కథ. మా తాతయ్యది సముద్రం ఒడ్డు ఊరు, చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చేవాడు, అడ్డపొగ అంటారు మా వైపు. ఆడవాళ్లు కూడా ఎక్కువే కాల్చేవారు, పని చేసుకుంటూ నిప్పు ఆరకుండా. అంగిలికి పుండు పడింది, తేలేసరికి మెడలో గడ్డలు. ఆపరేషన్‌లో గడ్డలతో పాటు ఒక వైపు ఈ నరం కూడా తీసేయాల్సి వచ్చింది, ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. నాలుక సగం ఎండిన ఉసిరికాయంత అయింది కానీ రెండో సగంతో అన్నం తిన్నాడు, మాట్లాడాడు, మనవళ్లని తిట్టాడు. ఒక వైపు పోతే మనిషి నెట్టుకొస్తాడు అని చెప్పడానికే రాస్తున్నా. రెండు వైపులా పోతే మాత్రం చాలా కష్టం అని డాక్టర్ గారు అన్నారు.

డిసెక్షన్_హాల్
అడ్డపొగ, అంగిలి క్యాన్సర్ల మీద శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన పరిశోధన ప్రపంచం మొత్తం చదివింది, మనం గర్వపడే విషయం కాదులెండి. మెడకి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి కొన్నేళ్ల తర్వాత కూడా ఈ నరం మెల్లగా బలహీనపడొచ్చు. అలాంటప్పుడు రేడియేషన్ వల్లా, జబ్బు తిరగబెట్టిందా అన్నది స్కాన్ తీసి తేల్చుకోవాలి.

గురక_రాజు
నాకు గురక ఎక్కువ, నిద్రలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడ భయపడుతోంది. నాలుక నరానికి కరెంట్ పెట్టే మిషన్ వచ్చిందంట కదా?

మత్తు_డ్యూటీ
ఉంది రాజు గారూ. నిద్రలో జీనియోగ్లాసస్ వదులైపోయి నాలుక వెనక్కి వాలి గాలి దారి మూస్తుంది, మత్తులో కూడా ఇదే జరుగుతుంది, అందుకే మేం దవడ ముందుకి ఎత్తి పట్టుకుంటాం. స్పృహ తప్పినవాళ్లని పక్కకి తిప్పి పడుకోబెట్టమనేది కూడా అందుకే. ఆ మిషన్‌ని కాలర్ ఎముక కింద చర్మం లోపల పెడతారు, దాని తీగ హైపోగ్లాసల్‌లో నాలుకని ముందుకి తోసే శాఖల మీద ఉంటుంది, ఊపిరి తీసినప్పుడల్లా చిన్న కరెంటు ఇస్తుంది. అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మాస్క్ వాడలేకపోయినవాళ్లకే, అదీ అందరికీ కాదు, బరువు మరీ ఎక్కువున్నా, గొంతు చుట్టూ నుంచీ మూసుకుపోతున్నా పనికిరాదు. మీరు ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి, మిషన్ సంగతి చాలా దూరం.

కొత్తరోడ్డు_కుర్రాడు
ముఖం ఒక వైపు పడిపోయినవాళ్లకి ఈ నరాన్నే తీసుకెళ్లి ముఖం నరానికి కుడతారని సీనియర్ చెప్పాడు, నిజమా?

పెందుర్తి_స్పీచ్
నిజమే, అలాంటివాళ్లకి థెరపీ ఇచ్చాను. నాలుకని పళ్లకి నొక్కితే మూతి కదులుతుంది, అద్దం ముందు కూర్చుని నాలుకతో నవ్వడం నేర్చుకోవాలి. ఇప్పుడు నరం మొత్తం కోయకుండా కొంత భాగమే వాడే పద్ధతులు వచ్చాయి కాబట్టి నాలుక అంతగా నష్టపోదు.

సింహాచలం_మెట్లు
అప్‌డేట్. ఈరోజు న్యూరాలజిస్ట్‌కి చూపించాం. నాలుక నోట్లో ఉంచి టార్చ్ వేసి చాలాసేపు చూశారు, బుగ్గ లోపల్నుంచి నాలుకతో నెట్టమని బయట వేలు పెట్టి బలం చూశారు. ఎడమ హైపోగ్లాసల్ ఒక్కటే, మిగతా నరాలన్నీ బాగున్నాయి, స్ట్రోక్ లక్షణాలు లేవు అన్నారు. అయినా ఎమ్మారై రాశారు, మెదడుకే కాదు పుర్రె అడుగు, మెడ రక్తనాళాలు కూడా కనిపించేలా. ట్యూబ్ వల్లే అని తెలిసినప్పుడు అవన్నీ ఎందుకు అని నాన్న అంటున్నారు, డబ్బులు దండగ అని.

డిసెక్షన్_హాల్
నాన్నగారికి నా మాటగా చెప్పండి, దండగ కాదు. ట్యూబ్ వల్ల అనేది మిగతావి లేవని తేలాకే అనాల్సిన మాట. మెడ వంచి ఉంచినప్పుడు కెరోటిడ్ ధమని లోపలి పొర చిరిగి ఉబ్బినా అచ్చం ఇలాగే నాలుక వంకర ఒక్కటే రావచ్చు, మీ అమ్మగారికి మెడనొప్పి కొద్దిగా ఉంది అన్నారు కదా. దాన్ని వదిలేస్తే తర్వాత స్ట్రోక్ రావచ్చు, పట్టుకుంటే మందులతో ఆపొచ్చు. పుర్రె అడుగున ముందే చిన్న కణితి ఉండి ఆపరేషన్ తర్వాత బయటపడిన సందర్భాలూ ఉంటాయి. స్కాన్ తేడా లేకుండా వస్తే అప్పుడు ధైర్యంగా ఎదురుచూడొచ్చు. రెండు మూడు నెలలైనా కదలిక మొదలవకపోతే, ఆ సగం పలచబడుతుంటే కండరానికి సూది పెట్టి చేసే ఈఎంజీ రాస్తారు. స్కాన్ తేదీ ఇచ్చారా? ఈలోపు ఒకవైపు తలనొప్పి పెరిగినా, రెప్ప వాలినా ఆ తేదీ కోసం ఆగొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి.

సింహాచలం_మెట్లు
రేపు పొద్దున్నే ఇచ్చారు సార్. నాన్నకి మీ మెసేజ్ చదివి వినిపించా, ఏమీ అనలేదు, ఆధార్, పాత రిపోర్టులు కవర్లో పెట్టమన్నారు. భుజంలో వేసిన స్క్రూలకి ఎమ్మారైతో ఇబ్బంది లేదు కదా?

మత్తు_డ్యూటీ
ఇప్పుడు వేసేవి చాలావరకు ఇబ్బంది లేనివే, కానీ డిశ్చార్జ్ కాగితంతో పాటు ఇంప్లాంట్ స్టిక్కర్ ఉన్న పేజీ తీసుకెళ్లి స్కాన్ చేసేవాళ్లకి ముందే చూపించండి. ఎక్కువసేపు వెల్లకిలా పడుకోవాలి కాబట్టి ఉమ్ము మింగడం ఇబ్బందిగా ఉందని కూడా చెప్పండి, మధ్యలో ఆపి లేపుతారు.

గురక_రాజు
నిద్ర పరీక్ష వైజాగ్‌లో ఇంటికి వచ్చి చేసేవాళ్లున్నారా?

మోడరేటర్
రాజు గారూ, దానికి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ అమ్మగారి రిపోర్ట్ వచ్చేదాకా ఆ విషయమే ఉంచుదాం. భీమిలి గారి వస కొమ్ము పోస్టు తీసేయమని ఇద్దరు అడిగారు, తీయట్లేదు, కింద జవాబు ఉంది కాబట్టి రెండూ ఉండనిద్దాం.